కడుపులో కాపురమున్న జీవులు



మారేడుమిల్లి చుట్టుపక్కల కొండరెడ్ల ఊళ్లలో పొద్దున్నే జీలుగు చెట్టు నుంచి కల్లు దించుతారు. అప్పుడే దించిన కల్లు తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కే కొద్దీ పులుపెక్కుతుంది. లొట్టి మూతి దాకా నురగ పొంగుతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటపటలు వినిపిస్తాయి. సాయంత్రానికి ఘాటెక్కుతుంది. మరో రోజు ఉంచితే నోట పెట్టుకోలేం. అందులో ఎవరూ తోడు వెయ్యలేదు. ఏమీ కలపలేదు. మరి ఆ పని చేసిందెవరు?

కంటికి కనిపించని జీవులు. గెల కోసిన చోట, గాలిలో, పాత లొట్టి లోపలి గోడల మీద అవి ముందే కాచుకుని ఉంటాయి. చక్కెర దొరకగానే పనిలోకి దిగుతాయి. ఈస్టు అనే జీవి చక్కెరను తిని మత్తు పదార్థాన్ని తయారుచేస్తుంది. అది వదిలే వాయువే ఆ నురగ. దాని వెనకాలే బ్యాక్టీరియా వచ్చి మత్తును పులుపుగా మారుస్తాయి. రాత్రి నానబెట్టిన చోడిపిండి తెల్లారేసరికి పుల్లబడి అంబలికి పనికొచ్చేదీ వీటివల్లే. ఇంట్లో పాలు తోడుకునేదీ వీటివల్లే.

సూక్ష్మజీవి అనగానే మనకు జబ్బే గుర్తొస్తుంది. నిజానికి జబ్బు చేసేవి బహు కొద్ది. మిగిలినవన్నీ వాటి పని అవి చేసుకుంటూ ఉంటాయి. ఆ పనుల్లో చాలావాటి మీద మన బతుకు ఆధారపడి ఉంది. ఈ ప్రసంగంలో వాటి సంగతి చెప్పుకుందాం. దాంతో పాటు ఆరోగ్యానికి పనికొచ్చే మాట ఒక్కటి. జ్వరం వచ్చినా, విరేచనాలు పట్టుకున్నా, ముందు పరీక్ష, తర్వాత మందు. ఈ మాట మళ్లీ వస్తుంది. గుర్తుంచుకోండి.

మన ఒంట్లో సూక్ష్మజీవులు ఎన్ని ఉంటాయి? 2016లో ఇజ్రాయెల్, కెనడా శాస్త్రవేత్తలు జాగ్రత్తగా లెక్క కట్టారు. ఒక మగమనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని తేల్చారు. మన సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు. అంటే వాటి సంఖ్య మన కణాలకు తక్కువేమీ కాదు. వాటిలో అత్యధిక భాగం పెద్దపేగులో ఉంటాయి. మనకు అరగని పీచును అవి అరగదీస్తాయి. కొన్ని విటమిన్లు తయారుచేస్తాయి. బయటినుంచి వచ్చే జబ్బు క్రిములకు చోటు దొరక్కుండా చూస్తాయి.

ఇక్కడ ఇంకో జాతి గురించి చెప్పుకోవాలి. వాటి పేరు ఆర్కియా. ఈ పేరు చాలామంది విని ఉండరు. 1977 దాకా శాస్త్రవేత్తలకే వీటి సంగతి సరిగ్గా తెలియదు. చూడ్డానికి బ్యాక్టీరియా లాగే ఉంటాయి. అందుకని అవీ బ్యాక్టీరియానే అనుకున్నారు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ అనే ఇద్దరు వాటి లోపలి నిర్మాణాన్ని పరీక్షించారు. ప్రతి జీవకణంలోనూ ప్రోటీన్లు తయారుచేసే ఒక ఏర్పాటు ఉంటుంది. అందులోని ఆర్‌ఎన్‌ఏను పోల్చి చూశారు. బ్యాక్టీరియాతో అది కలవలేదు. జంతువులు, చెట్లతోనూ కలవలేదు. ఇది పూర్తిగా వేరే వంశం అని తేలింది. చాలామంది పండితులు ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకోక తప్పలేదు. ఇవాళ సైన్సు పాఠాల్లో జీవరాశికి మూడు పెద్ద శాఖలని చెబుతారు. అందులో ఆర్కియా ఒకటి.

ఇవి ఎక్కడో దూరదేశాల్లో ఉండేవి కావు. సముద్రతీరపు ఉప్పు మడుల్లో నీరు గులాబీ రంగుకు తిరిగిందంటే ఉప్పును ఇష్టపడే ఆర్కియా అక్కడ పెరుగుతున్నట్టే. మారేడుమిల్లి దగ్గర కొండల నడుమ పల్లపు వరి మడులుంటాయి. మడిలో కాలు పెట్టి చూడండి. బురదలోంచి బుడబుడమని బుడగలు పైకొస్తాయి. అందులో ఉండేది మీథేన్ వాయువు. దాన్ని తయారుచేసేవి ఆర్కియా. గాలి తగలని చోటే వీటికి కాపురం. నీటి అడుగున బురదలో గాలి ఆడదు. అక్కడ ఉంటాయి. ఆవు పొట్టలో గాలి ఆడదు. అక్కడా ఉంటాయి. ఆవు నెమరువేస్తూ త్రేన్చినప్పుడు ఆ మీథేన్ నోట్లోంచి బయటికి పోతుంది. అడవిలో కర్రను తినే చెదపురుగు కడుపులోనూ ఇవి ఉంటాయి. గోబర్ గ్యాస్ తొట్టిలో పేడ పోసి గాలి చొరకుండా మూసేస్తాం కదా. పొయ్యి వెలిగించే ఆ గ్యాస్‌లో సగానికి పైగా మీథేనే. దాన్ని చేసేదీ ఆర్కియానే.

మనిషి పేగులోనూ ఇవి ఉంటాయి. వీటిలో ముఖ్యమైనదాని పేరు మీథనోబ్రెవిబాక్టర్ స్మిథీ. పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అది చేసే పని తెలుసుకుంటే చాలు. బ్యాక్టీరియా పీచును అరగదీసేటప్పుడు హైడ్రోజన్ వాయువు పుడుతుంది. ఆ వాయువు పేరుకుపోతే బ్యాక్టీరియా పని మందగిస్తుంది. ఆర్కియా ఆ హైడ్రోజన్‌ను తీసేసుకుని మీథేన్‌గా మారుస్తాయి. అరుగుదల సాఫీగా సాగుతుంది. మీథేన్ మరీ ఎక్కువగా తయారయ్యే వాళ్లలో మలబద్ధకం కనిపిస్తుందని కొన్ని పరిశోధనలు చెప్పాయి. అయితే ఫలానా జబ్బుకు ఆర్కియానే కారణమని ఇంతవరకూ ఎక్కడా రుజువు కాలేదు. ఇంత పెద్ద వంశంలో మనిషికి జబ్బు చేసేది ఒక్కటీ బయటపడకపోవడం విశేషమే. ఎందుకలాగో శాస్త్రవేత్తలు ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

ఇక మట్టిలోకి వద్దాం.

తొలకరి చినుకు పడగానే అడవిలో కమ్మటి మట్టి వాసన లేస్తుంది. ఆ వాసన మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా జాతిది. అవి జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. చినుకు తగలగానే అది గాలిలోకి లేస్తుంది. ఈ జాతి మనకిచ్చింది వాసన ఒక్కటే అయితే ఇంతగా చెప్పుకోనక్కర్లేదు. క్షయకు మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ దీనినుంచే వచ్చింది. మట్టిలో చోటు కోసం, తిండి కోసం జీవులకు పోటీ ఉంటుంది. పక్కవాటిని అడ్డుకోవడానికి ఇవి కొన్ని పదార్థాలు వదులుతాయి. వాటినే మనం యాంటీబయోటిక్ మందులుగా వాడుకుంటున్నాం.

ఈ కథలో మన తెలుగువాడు ఒకరున్నారు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదివారు. రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి వచ్చే దారి మొదలయ్యేది ఆ రాజమండ్రిలోనే. సుబ్బారావు యువకుడిగా ఉన్నప్పుడు ఆ ఇంట్లో పెద్ద దుఃఖం వచ్చింది. ఇద్దరు సోదరులు రోజుల తేడాతో చనిపోయారు. వాళ్లను పట్టిన జబ్బు పేరు స్ప్రూ. విరేచనాలు ఆగవు. తిన్నది ఒంటబట్టదు. చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. రక్తం తగ్గిపోతుంది. మనిషి ఎండిపోతాడు. తర్వాత సుబ్బారావుకూ అదే జబ్బు వచ్చింది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారు ఆయుర్వేద వైద్యం చేసి నయం చేశారు. ఆ జబ్బు ఎందుకు వస్తుందో, మందేమిటో అప్పట్లో ప్రపంచంలో ఎవరికీ సరిగ్గా తెలియదు.

1923లో సుబ్బారావు అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో పనిచేశారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలకు సారథి అయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అది రక్తం పట్టడానికి అవసరమైన విటమిన్. అందులోనూ సూక్ష్మజీవుల చేయి ఉంది. లాక్టోబాసిల్లస్ అనే, పాలను పులియబెట్టే జాతి బ్యాక్టీరియా ఆ విటమిన్ ఉంటేనే పెరుగుతుంది. అది ఎంత పెరిగిందో చూసి విటమిన్ ఎంత ఉందో కొలిచేవారు. ఇవాళ గర్భిణులకు ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది ఆ ఫోలిక్ యాసిడే. మారేడుమిల్లి మండలంలో మారుమూల గూడెంలో ఉన్న తల్లి మింగే మాత్రలోనూ ఆ భీమవరం బిడ్డ శ్రమ ఉంది.

అదే ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త పనిచేసేవారు. పాఠాలు చెప్పే ఉద్యోగం నుంచి రిటైరై, 70 ఏళ్లు దాటాక అక్కడ చేరారు. రకరకాల చోట్ల నుంచి మట్టి తెప్పించి అందులోని జీవుల్ని పెంచేవారు. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో సాన్‌బోర్న్ ఫీల్డ్ అనే ప్రయోగ క్షేత్రం ఉంది. అక్కడినుంచి కూడా మట్టి వచ్చింది. అందులో స్ట్రెప్టోమైసిస్ జాతిదే ఒకటి బంగారు రంగు పదార్థాన్ని ఇచ్చింది. దానితో చేసిన మందు ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంలో అదే మొదటిది. 1948లో దాన్ని ప్రపంచానికి ప్రకటించారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు.

స్ప్రూకు ఇవాళ్టికీ వాడే ప్రధానమైన మందులు రెండు. ఒకటి ఫోలిక్ యాసిడ్. రెండోది టెట్రాసైక్లిన్. సోదరులను తీసుకుపోయిన జబ్బుకు రెండు మందులూ ఆయన నడిపిన ప్రయోగశాల నుంచే వచ్చాయి. ఆ జబ్బులో చిన్నపేగులో బ్యాక్టీరియా ఉండాల్సిన దానికన్నా విపరీతంగా పెరిగిపోతాయని తర్వాత తెలిసింది. 1960ల్లో దక్షిణాది పల్లెల్లో స్ప్రూ ఊళ్లకు ఊళ్లనే పట్టినప్పుడు వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు ఆ ఊళ్లకే వెళ్లి దాన్ని అధ్యయనం చేశారు. పెద్దపేగులో మేలుచేసే గుంపులే చిన్నపేగులో చేరి పెరిగితే మనిషిని పడగొడతాయి. ఎక్కడ ఏది ఎంత ఉండాలో అంత ఉండడమే ఆరోగ్యం.

మరి ఇంత గొప్ప మందుల్ని ఎప్పుడు పడితే అప్పుడు ఎందుకు వాడకూడదు?

పోడు కోసం కొండవాలును తగలబెడితే తుప్పలు ఒక్కటే కాలవు. ఆ మంటకు దారిలో ఉన్నదల్లా కాలుతుంది. తొలి వాన పడగానే ముందుగా లేచేది అంతకుముందున్న చెట్టు కాదు. గడ్డీ, కలుపూ లేస్తాయి. పోడు చేసే రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే పంట తీశాక ఆ వాలును కొన్నేళ్లు వదిలేసేవారు. యాంటీబయోటిక్ కూడా కడుపులో అంతే చేస్తుంది. జబ్బు చేసిన క్రిమితో పాటు దారిలో ఉన్న మంచి బ్యాక్టీరియానూ చంపుతుంది. ఖాళీ అయిన చోట ఒక్కోసారి చెడ్డవి ముందుగా పెరుగుతాయి. మందు వేసుకున్నాక కొందరికి విరేచనాలు మొదలయ్యేది అందుకే. ఆర్కియా మాత్రం పెన్సిలిన్‌కు లొంగవు. బ్యాక్టీరియా గోడలో ఉండే ఒక పదార్థం మీద పెన్సిలిన్ దెబ్బకొడుతుంది. ఆర్కియా గోడలో ఆ పదార్థమే లేదు. కానీ వాటికి తిండి అందించేవి బ్యాక్టీరియానే. అవి పోతే వీటి కాపురమూ చెదురుతుంది.

డెన్మార్క్‌లో ఒక పరీక్ష చేశారు. 12 మంది ఆరోగ్యవంతులైన యువకులకు మూడు రకాల యాంటీబయోటిక్స్ నాలుగు రోజులు ఇచ్చారు. నెలన్నరకు పేగులోని గుంపులు చాలావరకు కోలుకున్నాయి. కానీ ఆరు నెలలైనా తొమ్మిది రకాల బ్యాక్టీరియా మళ్లీ కనిపించలేదు. 2018లో ఈ ఫలితం వెల్లడైంది. వాడింది నాలుగంటే నాలుగే రోజులు.

అందుకే ఆ మాట మళ్లీ. ముందు పరీక్ష, తర్వాత మందు.

ఏజెన్సీలో జ్వరం వస్తే ఏమవుతుందో చూద్దాం. సంతకు వెళ్లినప్పుడు మెడికల్ షాపులో జ్వరం మాత్రలతో పాటు రెండు క్యాప్సూల్స్ అడిగి తెచ్చుకుంటారు. లేదా సూది వేయించుకుంటారు. మర్నాడు జ్వరం తగ్గితే మిగిలిన మాత్రలు చూరులో దోపుతారు. ఇలా చేయడంలో చాలా ప్రమాదం ఉంది. ఆ జ్వరం మలేరియా కావచ్చు. మలేరియాకు దాని మందే వేరు. మామూలు యాంటీబయోటిక్‌తో కాలం గడిపితే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. మామూలు జలుబు, పడిశం అయితే అది వైరస్. వైరస్ మీద యాంటీబయోటిక్ పనిచేయదు. దానంతట అదే తగ్గుతుంది.

అడవి ప్రాంతంలో ఇంకో జ్వరం ఉంది. స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆననంత చిన్న పురుగు పిల్ల కుడితే వస్తుంది. జ్వరం మొదలయ్యేది కుట్టిన పది రోజులకు అటూఇటూగా. కుట్టిన చోట కొందరికి నల్లటి పొక్కు కడుతుంది. సిగరెట్టుతో కాల్చినట్టు ఉంటుంది. నొప్పి ఉండదు. అందుకే ఎవరూ గమనించరు. చంకలో, గజ్జల్లో, మొలతాడు కట్టుకునే చోట చూడాలి. ఈ జ్వరానికి డాక్సీసైక్లిన్ అనే మందు ప్రాణదాత. అది ఆరియోమైసిన్ కుటుంబంలోదే. చూశారా, ఇక్కడ యాంటీబయోటిక్ వెంటనే కావాలి. ఆలస్యం చేయకూడదు. ఒక జ్వరానికి అక్కర్లేని మందు ఇంకో జ్వరానికి ప్రాణం పోస్తుంది. ఏ జ్వరమో తేల్చాల్సింది పరీక్షే. నల్లటి పొక్కు కనిపిస్తే దాచుకోకుండా డాక్టరుకు చూపించండి.

విరేచనాల సంగతి మరీ ముఖ్యం. చిన్నపిల్లలకు వచ్చే నీళ్ల విరేచనాలు చాలావరకు వైరస్‌ల వల్ల వస్తాయి. వాటికి యాంటీబయోటిక్ పనికిరాదు. బిడ్డ ప్రాణం తీసేది ఒంట్లోంచి నీరు, ఉప్పు పోవడం. పరీక్ష కోసం ఆగకుండా పోయినదాన్ని వెంటనే తిరిగి పోయాలి. ఓఆర్‌ఎస్ చేసే పని అదే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన ద్రావణాన్ని డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. శిబిరంలో చావులు ఒక్కసారిగా తగ్గిపోయాయి. ఇవాళ అలాంటి ద్రావణం చేసుకునే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టే ఆశా కార్యకర్త సంచిలో ఉంటుంది. ఒక ప్యాకెట్టు పూర్తిగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. సగం సగం కలపకూడదు. చెంచాతో కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండాలి. తల్లిపాలు ఆపకూడదు. జింకు మాత్ర 14 రోజులు వేయాలి. విరేచనాలు తగ్గాయని మధ్యలో మానకూడదు. విరేచనంలో రక్తం పడినా, బిడ్డ మగతగా పడి ఉన్నా, కళ్లు లోతుకు పోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పుడు ఏ మందు వేయాలో డాక్టరు చూసుకుంటారు.

పిల్లల తిండికీ పేగులోని జీవులకూ సంబంధం ఉంది. ఢాకాలో మురికివాడల పిల్లల మీద పరిశోధన జరిగింది. బరువు పెరగని పిల్లల పేగుల్లో సూక్ష్మజీవులు వయసుకు తగ్గట్టు ఎదగలేదని కనుక్కున్నారు. ఆ జీవులకు నచ్చే తిండి ఏదో వెతికారు. శనగపిండి, వేరుశనగ, సోయాపిండి, అరటికాయ గుజ్జు కలిపి ఆహారం తయారుచేశారు. మూడు నెలలు పెట్టారు. మామూలుగా ఇచ్చే బలవర్ధక ఆహారం కన్నా దీంట్లో కేలరీలు తక్కువ. అయినా పిల్లల ఎదుగుదల దీంతోనే మెరుగ్గా ఉంది. 2021లో ఈ ఫలితం వచ్చింది. ఆ దినుసుల్లో మన సంతలో దొరకనిది ఏముంది? అంగన్‌వాడీలో ఇచ్చేది మానకుండా పెట్టండి. దానికి తోడు ఇంట్లో పప్పు, చోళ్లు, సామలు, అరటికాయ పిల్లల కంచంలో పడేలా చూడండి.

చివరగా ఒక హెచ్చరిక. యాంటీబయోటిక్‌ను అవసరం లేకుండా వాడినా, సగంలో మానినా, చావకుండా మిగిలిన క్రిములు మొండికేస్తాయి. తర్వాత నిజంగా అవసరమైనప్పుడు మందు పనిచేయదు. ఇలా మందుకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచమంతా కలిపి సుమారు 12 లక్షల 70 వేల మంది చనిపోయారని అంచనా. ఇందులో తప్పు ఇళ్లదొక్కటే కాదు. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే ఒక కేంద్రం నుంచి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించారు. 2007లో ఫలితం ప్రకటించారు. ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీళ్లలో బతికి బయటపడిన బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుంది? ఫ్యాక్టరీల మురుగును అదుపు చేయాల్సింది ప్రభుత్వం. ఇంట్లో వాడకాన్ని అదుపు చేయాల్సింది మనం.

మాత్రల అట్టను తిప్పి చూడండి. నిలువునా ఒక ఎర్ర గీత కనిపిస్తే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందు. చూరులో దోపిన పాత మాత్రలు ఇంకొకరికి ఇవ్వకండి. డాక్టరు రాసిన యాంటీబయోటిక్‌ను ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులూ వేసుకోండి. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకండి.

మళ్లీ ఒక్కసారి చెప్పుకుందాం. ముందు పరీక్ష, తర్వాత మందు.

వానలు పడే నెలల్లో ప్రతి ఇంట్లో రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తడి తగలని చోట ఉంచుకోండి. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆ రోజే ఆశా కార్యకర్తను పిలిచి వేలి రక్తం చుక్క ఇవ్వండి. మలేరియా పరీక్ష ఫలితం కాసేపట్లోనే తెలుస్తుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఆ పరీక్షకూ, మలేరియా మందుకూ డబ్బు కట్టనక్కర్లేదు.